అంతరిక్షంతో ముచ్చట్లు – అరువు ప్రశ్నలు

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు, అత్తిల్లు ఆదోని. మగ్గాల చప్పుడు మధ్య పెరిగి, పత్తి బేళ్ళ మధ్యకి కాపురానికి వచ్చినదాన్ని. ఈ రెండు వూళ్ళకీ నడుమ సుమారు 30 కిలోమీటర్లు. మన ఎర్రబస్సుకి ముప్పావు గంట పడుతుంది, దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే గంట. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మాత్రం ఆ దూరం నాలుగే నాలుగు సెకన్లట! నేల నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకి 28,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ వుంటుందిట. తొమ్మిదో తరగతి చదివే మా మరిది కూతురు ఈ లెక్క వేసి చూపించి, "పెద్దమ్మా, నువ్వు పుట్టింటికి పోవాలంటే అందులో ఎక్కు" అని నవ్వింది.

నేను శాస్త్రవేత్తను కాను. డిగ్రీ రెండో ఏట పుస్తకాలు మూసి పెళ్ళిపీటల మీద కూర్చున్నదాన్ని. అయినా ఈ అంతరిక్షం సంగతిలో నాకు ఒళ్ళు మండిన ఘట్టం ఒకటి జరిగింది. మండినప్పుడు రాయకపోతే నాకు అన్నం సయించదు. చదివి, తిట్టదలచుకున్నవాళ్ళు నన్ను తిట్టవచ్చు.

2025 జూన్ 25న మన శుభాంశు శుక్లాగారు అంతరిక్షానికి బయల్దేరి, పద్దెనిమిది రోజులు ఆ కేంద్రంలో గడిపి వచ్చారు. అక్కడ వుండగానే తిరువనంతపురం, బెంగుళూరు, షిల్లాంగు వంటి చోట్ల పిల్లలతో మాట్లాడారు. హామ్ రేడియో అని ఒకటుంది. మన పాత రేడియోకి చుట్టమే అనుకోండి. దానిలో అయితే ఆ కేంద్రం మన నెత్తి మీదుగా పోయే ఆ పది నిమిషాలే మాట్లాడాలి. ఈ దిక్కున పొడిచి ఆ దిక్కున అస్తమించేలోగా ముగించాలి. అందుకని పిల్లల్ని వరసగా నిలబెట్టి, ప్రశ్నలు ముందే రాయించి, గడియారం చూసుకుంటూ అడిగిస్తారు. అది న్యాయమే. 2000వ సంవత్సరం చివరలో ఆ కేంద్రం నుంచి మొట్టమొదట ఒక అమెరికా బడి పిల్లలతో మాట్లాడింది మొదలు ఇప్పటిదాకా ఇదే పద్ధతి.

శుక్లాగారి పుణ్యమా అని మన వూళ్ళల్లో కూడా బడులకి సరదా పుట్టింది. ఆగస్టు 23 వచ్చింది. 2023లో అదే రోజు సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దాపున దిగింది కనుక దాన్ని జాతీయ అంతరిక్ష దినోత్సవం అంటున్నారు. ఆ పేరు చెప్పి మా వైపు ఒక బడిలో శాస్త్రవేత్తతో ఆన్‌లైన్ ముఖాముఖి పెట్టారు. బడి పేరు చెప్పను. చెబితే రేపు మా మరిది కూతురికి మార్కులు తగ్గుతాయి. శాస్త్రవేత్త పేరు కూడా ఎందుకులెండి, ఆయన తప్పేమీ లేదు.

తల్లులందర్నీ పిలిచారు. నేనూ పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. గోడకి పెద్ద తెర, పక్కన పూలదండ, ముందు వరసలో పెద్దలు. ఆ పిల్లల్లో నాకు బాగా తెలిసిన పిల్ల ఒకతె వుంది. మా ఇంట్లో పనిచేసే అవ్వకి మనవరాలు. ఆ పిల్ల తల్లీతండ్రీది కోసిగి వైపు పల్లె. దసరా దాటితే వాళ్ళు సుగ్గికి పోతారు. కోస్తా పాఠకురాళ్ళకి ఈ మాట తెలియకపోవచ్చు. వానలు మోసం చేసిన ఏడు, మా వైపు కుటుంబాలకి కుటుంబాలే ఇంటికి తాళం వేసి, చట్టీ కుండా మూటగట్టుకుని గుంటూరు వైపు పోతాయి. పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి. మళ్ళీ వూరు చూసేది ఉగాదికే. పిల్ల చదువు పాడవకూడదని అవ్వ తన దగ్గర వుంచుకుంది. మా మరిది కూతురూ, ఈ పిల్లా ఒకే తరగతి. నన్ను ఇద్దరూ పెద్దమ్మా అనే పిలుస్తారు.

వారం ముందు ఆ పిల్ల మా వంటింటి గడప మీద కూర్చుని ప్రశ్న రాసుకుంది. నాకు చదివి వినిపించింది. "సార్, వాన యాడ వుందో పైనుంచి మీకు ముందే కనపడతాదంట. మరి విత్తనం ఎప్పుడేయాలో మా నాయనకి ఎందుకు తెలీదు?" ఇదీ ప్రశ్న. నేను చేతిలో వున్న జొన్నరొట్టె పెనం మీదే మరిచిపోయాను.

ముఖాముఖి నాడు ఆ పిల్ల వంతు వచ్చింది. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, గుక్క తిప్పుకోకుండా, "హౌ డూ ఆస్ట్రోనాట్స్ స్లీప్ ఇన్ స్పేస్ సార్" అంది. నేను తెల్లబోయాను. ఆయన పాపం ఎంతో ఓపికగా, చక్కని ఇంగ్లీషులో రెండు నిమిషాలు జవాబు చెప్పాడు. "థాంక్యూ సార్" అని కూర్చుంది. చప్పట్లు. ఫోటో. నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు?

ఇంటికి వచ్చేటప్పుడు అడిగాను, "నీ ప్రశ్న ఏమయిందే?" అని.

"సార్ కొట్టేసినాడు పెద్దమ్మా. ఇది స్పేసు ప్రశ్న కాదు, వ్యవసాయం ప్రశ్న అన్నాడు. చీటీ ఇచ్చి మూడురోజులు బట్టీ పట్టమన్నాడు."

"పోనీ, ఆయన ఏం చెప్పాడు?"

"ఏమో పెద్దమ్మా. నవ్వినాడు."

అయ్యా, అదీ సంగతి. దేశంలో ఎక్కడో కూర్చున్న శాస్త్రవేత్తకీ, ఆదోని పిల్లకీ మధ్య తీగె కలిపారు, తెర పెట్టారు, పూలదండ వేశారు, చివరికి ఆ పిల్లకి చేరిందల్లా ఒక నవ్వు. ఇందుకోసమా ఇంత హంగామా?

ముందుగా ఆ "స్పేసు ప్రశ్న కాదు" అన్న మాట సంగతి తేలుద్దాం. మన దేశం అంతరిక్షం జోలికి వెళ్ళిందే వానల కోసం, పంటల కోసం, పల్లెకి చదువు చేరవేయడం కోసం. విక్రమ్ సారాభాయిగారు ఆనాడు మొత్తుకున్నది అదే – చంద్రుడి మీద పోటీలు మనకెందుకు, మామూలు మనిషి కష్టం తీర్చడానికి ఈ విద్య వాడదాం అని. 2002 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఒక వాతావరణ ఉపగ్రహాన్ని పంపారు. మేఘాల బొమ్మలు తీయడం దాని పని. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా కొలంబియా నౌకలో పోయిన కొద్ది రోజులకే ఆ ఉపగ్రహానికి ఆమె పేరు పెట్టారు – కల్పన-1 అని. చూశారా? మన ఆడపిల్లలందరూ అద్దం మీద ఫోటో అంటించుకునే కల్పన పేరు పెట్టింది మబ్బుల్ని చూసే ఉపగ్రహానికి! 2024 ఫిబ్రవరి 17న ఇన్‌శాట్-3డీఎస్ వెళ్ళింది, అదీ వాతావరణానికే. 2025 జూలై 30న మన ఇస్రో, అమెరికా నాసా కలిసి చేసిన నైసార్ వెళ్ళింది. అది పన్నెండు రోజులకొకసారి భూమినంతా తడివి చూస్తుంది. మట్టిలో తడి ఎంతుందో కూడా పట్టి చెబుతుంది. ఇవన్నీ చేసే శాస్త్రవేత్తని మా అవ్వ మనవరాలు అడగబోయింది సరిగ్గా ఆయన వృత్తి గురించే. దాన్ని కొట్టేసి, నిద్ర ఎలా పోతారని అడిగించారు. వంటలమాస్టారిని పిలిచి, నీ అంగీ ఎక్కడ కుట్టించావని అడిగినట్టుంది.

జవాబు కూడా ఆ పిల్లకి అర్థం కానిది కాదు. నేనే తర్వాత నాలుగు పుస్తకాలు తిరగేసి, తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నాను. వాతావరణ ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున, మన నేల మీదే చూపు నిలిపి వుంటుంది. మబ్బు నెత్తి దానికి కనబడుతుంది. కాని ఆ మబ్బు కోసిగిలో కురుస్తుందా, కౌతాళంలో కురుస్తుందా, ఈ చేలో పడి పక్క చేను ఎగ్గొడుతుందా అన్నది చెప్పడం ఇంకా కష్టమే. తెలిసినంత మటుకైనా ఆ కబురు చేను గట్టుదాకా, ఆ రైతు మాట్లాడే భాషలో, విత్తనం వేయకముందే చేరాలి. ఇంతే. ఇంత మాట ఆ పెద్దమనిషి తెలుగులో చెప్పివుంటే ఆ పిల్ల రాత్రికి తండ్రికి ఫోన్ చేసి చెప్పేది. అది చదువు. చప్పట్లు చదువు కాదు.

మా పక్కింట్లో రిటైరయిన లెక్కల మాస్టారున్నారు. ఆయన వాదం మరొకటి. "అమ్మా, బడిలో పాఠం చెప్పే మనిషికే దిక్కు లేనిచోట చందమామతో కబుర్లేమిటి? ముందు ప్రయోగశాలలో పరీక్షనాళికలు పెట్టమను" అంటారు. నేను కాదనను. పంతులు చేయవలసిన పని తెర చేయదు. కాని ఒకటి అడుగుతాను. ఇంట్లో కందిపప్పు లేదని పిల్లవాడికి పండు కొనడం మానేస్తామా? రెండూ కావాలని పోరుతాం. పేదపిల్లకి అంతరిక్షం దేనికి అనే మాటలో, పేదపిల్లకి చదువు దేనికి అనే పాత మాటే కొత్త చొక్కా తొడుక్కుని వుంది. మన ఆడవాళ్ళు ఆ మాటని ఎంత దూరంలో వున్నా గుర్తుపట్టగలరు. చిన్నప్పటినుంచీ విన్నదే కదా!

ఇక మావారి వాదం: "ఇంగ్లీషు నోరు తిరగాలి కదా, ఆ కాసేపయినా మాట్లాడనీ." నోరు తిరగడానికి ఇంగ్లీషు పీరియడు వుంది. తెలియనిది తెలుసుకోవడానికి మాత్రం మనిషికి తన భాషే కావాలి. శ్రీహరికోట ఏమన్నా సీమదేశంలో వుందా? మన తిరుపతి జిల్లాలోనే వుంది. అక్కడ తెలుగు వచ్చినవాళ్ళకి కరువా? చంద్రయాన్-3కి అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టరుగా పనిచేసినామె పేరు కల్పన కాళహస్తి. ఇంటిపేరు వింటేనే మన కాళహస్తి గుడి గుర్తుకు రావడంలేదూ? అడిగి చూడాలి. అడక్కుండానే "ఇంగ్లీషులోనే మాట్లాడండి సార్" అని ముందే విన్నవించుకునేది మనమే.

నాకు 1984 బాగా గుర్తు. నేనప్పుడు ఎమ్మిగనూరులో బడిపిల్లని. రాకేశ్ శర్మ అంతరిక్షం నుంచి ఇందిరాగాంధీతో మాట్లాడాడు. పైనుంచి మన దేశం ఎలా కనిపిస్తోందని ఆమె అడిగితే, ఇక్బాల్ గీతంలోని మాటతో జవాబు చెప్పాడు. మా వీధిలో మగ్గాలు ఆపి మరీ ఆ సంగతి చెప్పుకున్నారు. అంతకు ముందు, 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, అమెరికావాళ్ళ ఉపగ్రహం ఒకటి అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెల్లో టీవీలు పెట్టారు. సైట్ అనేవారు దాన్ని. పొద్దున బడిపిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం. తెలుగులోనూ వచ్చేవి. గొప్ప పనే. కాని అందులో పెట్టె మాట్లాడేది, పిల్ల వినేది. పిల్ల ఏమన్నా ఆ పెట్టెకి వినబడదు. ఆ లోటు తీర్చాలనే 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ అని చదువుల కోసమే ప్రత్యేకంగా ఉపగ్రహం పంపారు. దానితో పిల్లలు తిరిగి మాట్లాడే ఏర్పాటు కూడా వచ్చింది. ఇవాళ సెల్ ఫోనులోనే మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నాం. అంటే యాభై ఏళ్ళు కష్టపడి, కోట్లు ఖర్చుపెట్టి, పిల్ల నోరు శాస్త్రవేత్త చెవిదాకా తీసుకువెళ్ళారు. తీరా అక్కడికి చేరాక మన బడి ఏం చేసింది? ఆ నోట్లో చీటీ కుక్కింది!

రేడియోలో పది నిమిషాలే గడువు కనుక చీటీలు తప్పవు, సరే. ఇంటర్నెట్టులో ఎవరు తరుముతున్నారని? గంటసేపు కూర్చోబెట్టారు. అందులో ఇరవై నిమిషాలు పెద్దల ఉపన్యాసాలే.

బయటి దేశాలవాళ్ళు ఈ పనిని ఎలా చూశారో చెబుతాను. అమెరికాలో క్రిస్టా మెకాలిఫ్ అనే బడిపంతులమ్మ అంతరిక్షం నుంచి పిల్లలకి పాఠం చెప్పాలని బయల్దేరింది. 1986 జనవరి 28న, పైకి లేచిన 73 సెకన్లకే ఛాలెంజర్ ముక్కలయింది. ఆమెకి బదులుగా తర్ఫీదు పొందిన మరో పంతులమ్మ, బార్బరా మోర్గన్, ఇరవయ్యొక్కేళ్ళు ఆగి, 2007లో వెళ్ళి పిల్లల ప్రశ్నలకి జవాబు చెప్పింది. చైనాలో వాంగ్ యాపింగ్ అనే ఆమె 2013 జూన్ 20న అంతరిక్షం నుంచి నీళ్ళని బంతిలా చేసి చూపిస్తూ పాఠం చెప్పింది. మన కల్పన తాను చదివిన కర్నాల్ బడి నుంచి ఏటా ఇద్దరు పిల్లలు నాసా చూసి వచ్చే ఏర్పాటు చేసింది. ఒకామె ప్రాణం పోసింది, ఒకామె ఇరవయ్యేళ్ళు వేచివుంది, ఒకామె చిన్ననాటి బడిని మరిచిపోలేదు. ఇలాంటి పనిని మనం బడి ప్రకటన కాగితం మీద ఫోటోగా మార్చుకుంటున్నాం.

అసలు కథ ఇంకా వుంది. "చాలా బాగా జరిగింది" అని డిసెంబరులో రెండోసారి పెట్టారు. ఈసారి నేను పట్టుచీర కట్టుకోలేదు. పిల్ల చేత తన ప్రశ్న తనే అడిగించాలని, మాస్టారితో పోట్లాటకే సిద్ధపడి వెళ్ళాను. తరగతిలో బెంచీలు సగం ఖాళీ. ఆ పిల్ల లేదు. అవ్వకి చూపు ఆనడం తగ్గింది, తల్లికి నడుం నొప్పి, చేతికింద మనిషి కావాలి. దీపావళి దాటిన వారానికే సుగ్గికి తీసుకుపోయారు. నెలరోజులనుంచీ అవ్వ మా ఇంటికి వస్తూనే వుంది, అంట్లు తోముతూనే వుంది. "పిల్ల ఏదీ" అని నేను ఒక్కనాడైనా అడిగానా? లేదు. బడివాళ్ళని తిట్టేముందు ఈ తప్పు నాది కూడా అని రాసి పెడుతున్నాను.

ఇప్పుడు నా వాదం వినండి. మా పడమటి కర్నూలుకి ఈ ఆన్‌లైన్ ముఖాముఖి వల్ల నిజమైన లాభమంటూ వుంటే, అది తెర ముందు పట్టుచీరలతో కూర్చున్న మాకు కాదు. వూరు విడిచిపోయిన ఆ పిల్లలకి. మిరపచేలో మధ్యాహ్నం బువ్వ తినే వేళ అదే సెల్ ఫోనులో సినిమా పాటలు చూస్తారే, దానిలోనే శాస్త్రవేత్తతో మాట్లాడలేరా? పై మనిషికి గుంటూరయితేనేం, ఆదోని అయితేనేం, నిమిషం కూడా లేని తేడా! అంతరిక్షాన్ని బడికి కలిపారు సరే, బడిని సుగ్గికి పోయిన పిల్లకి కలపండి. దానికి రాకెట్టు అక్కరలేదు. హాజరుపట్టీలో పేరు కొట్టేయకుండా, ఒక మాస్టారు వారానికోసారి ఫోన్ చేస్తే చాలు.

అందుకని నేను అడిగేవి నాలుగే. ఒకటి, ప్రశ్న పిల్లది కావాలి. మాస్టారు వరస సర్దవచ్చు గాని మాట మార్చకూడదు. రెండు, జవాబు తెలుగులో రావాలి. మూడు, ముఖాముఖి సుగ్గికి ముందే, జూన్ నుంచి సెప్టెంబరు లోపల జరగాలి. మళ్ళీ అదే శాస్త్రవేత్త, అవే పిల్లలతో, ఏడాదిలో రెండుసార్లయినా మాట్లాడాలి. ఒక్కసారి చూసి పోయే పెళ్ళిచూపులు కాకూడదు. నాలుగు, వూళ్ళో లేని పిల్లకి కూడా వంతు వుండాలి. వలసపోయినవాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడుతుంటారు కదా, ఆ తెర ముందుగా అక్కడ పెట్టండి.

ఇవి కోరడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. తల్లుల సమావేశానికి పిలిచినప్పుడు మనం టిఫినూ టీ కబుర్లతో సరిపెట్టుకోకుండా లేచి, "మా పిల్ల రాసిన ప్రశ్న ఏది మాస్టారూ?" అని ఒక్క మాట అడిగితే చాలు. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే "ఎన్ని మార్కులొచ్చాయి" అని కాకుండా "ఇవాళ ఏమడిగావు" అని అడిగి చూడండి. నేను మా మరిది కూతుర్ని అడగడం మొదలుపెట్టాను. మొదటి నాలుగు రోజులూ "ఏమీ లేదు" అంది. అయిదోనాడు మావారికీ నాకూ జవాబు తెలియని ప్రశ్న ఒకటి తెచ్చింది. అది మరోసారి చెబుతాను.

మొన్న అవ్వ ఫోన్ పుచ్చుకుని ఆ పిల్లతో మాట్లాడాను. గాలి హోరులో సగం వినబడలేదు. చేతులు మంటలు పుడుతున్నాయంది. మిరపకాయ ఘాటు. చివర్లో తనే అడిగింది. "పెద్దమ్మా, ఆ సారు మళ్ళా వస్తాడా?"

"వస్తే ఏమడుగుతావే?"

"అదే" అంది.

ఆ ప్రశ్నని, ఒక్క అక్షరం దిద్దకుండా, "యాడ", "కనపడతాదంట" అలాగే వుంచి, కార్డు మీద రాసి శ్రీహరికోటకి పోస్టు చేశాను. కింద ఆ పిల్ల తరగతీ, తిరిగివచ్చే నెలా రాశాను. బడిలో కూడా చెప్పివచ్చాను, వచ్చేసారి ఆ పిల్ల ఎక్కడున్నా నా ఫోన్ కలిపి కూర్చుంటాను, చీటీ ఇస్తే చింపేస్తాను అని. మాస్టారు నవ్వారు. ఈ నవ్వు నాకూ అర్థం కాలేదు. జవాబు వస్తే మీకు తప్పక తెలియజేస్తాను.